ఆంటాలజీలో "ఇవే, ఇంకేవీ లేవు" అని కోడ్‌లో చెప్పాలంటే ఏది మేలు?

రుతువులు ఆరు. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. పంచాంగం మీద ఆంటాలజీ (ఒక రంగంలోని విషయాలనీ వాటి సంబంధాలనీ మెషీన్‌కి అర్థమయ్యేలా రాసిన వర్ణన) రాయడానికి కూర్చుంటే మొదట్లోనే ఒక ప్రశ్న వస్తుంది: ఈ ఆరు తప్ప ఏడోది లేదని మెషీన్‌కి ఎలా చెప్పాలి? జావాలో ఈనమ్ (విలువలు ఇవే అని మూసేసిన లిస్టు) రాసి అలవాటైనవాళ్లకి, ఆంటాలజీలు రాసే భాష ఔల్‌లో వన్ఆఫ్ (క్లాస్‌లో ఉండేవి ఇవే అని లిస్టు ఇచ్చే మాట) కనబడగానే ప్రాణం లేచొస్తుంది, ఇదీ అదీ ఒకటే అనుకుంటాం. 2004 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ ఔల్‌ని ప్రమాణంగా విడుదల చేసినప్పటి నుంచీ వన్ఆఫ్ ఉంది, అప్పటి గైడులో వైన్ రంగు అంటే తెలుపు, రోజా, ఎరుపు మాత్రమే అని దీంతోనే చూపించారు. చూడ్డానికి ఈనమ్‌లాగే ఉంటుంది. పని చేసే తీరు మాత్రం పూర్తిగా వేరు, ఆ తేడా తెలియకుండా రాసిన కోడ్ ఎర్రర్ ఇవ్వకుండానే తప్పు చేస్తుంది. అందుకే దీని గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

ఔల్‌కి రెండు పట్టింపులున్నాయి. చెప్పనిది లేదని అనుకోదు. పేర్లు వేరైనంత మాత్రాన మనుషులూ వస్తువులూ వేరని కూడా అనుకోదు. ఈ రెండోదే కొంప ముంచుతుంది.

నా సంగతే చెప్తాను. తెలంగాణ డేటా మీద పని చేస్తూ జిల్లా అనే క్లాస్‌ని (అంటే ఒకే రకం వాటి గుంపుని) 31 పేర్లతో వన్ఆఫ్‌గా మూసేశాను. 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి కదా, ఇక ఇంతే అనుకున్నాను. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. కొత్త ఫైల్ లోడ్ చేశాను, అందులో ములుగు ఒక జిల్లా అని రాసుంది. రీజనర్ (రాసినవాటి నుంచి తర్కంతో తీర్మానాలు తీసే ప్రోగ్రామ్) నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, నేను సంతోషించాను కూడా. తీరా చూస్తే దాని లెక్క ఇది: జిల్లాలంటే ఆ 31 మాత్రమే అన్నావు, ములుగు జిల్లా అన్నావు, కాబట్టి ములుగు ఆ 31లో ఏదో ఒకదానికి ఇంకో పేరై ఉండాలి. లాజిక్ ప్రకారం అది నూటికి నూరుపాళ్లూ సరైనదే. సరే అని జిల్లాలన్నీ ఒకదానికొకటి వేరు అని ఆల్‌డిఫరెంట్ పెడితే, ఈసారి ఆంటాలజీ మొత్తం పరస్పర విరుద్ధం అయి కూర్చుంది, దాంట్లోంచి ఏ జవాబూ తీసుకోవడానికి లేదు. అంటే ఒక్క కొత్త జిల్లా కోసం నాకు మిగిలినవి రెండే, మౌనంగా తప్పు జవాబు లేదా మొత్తం కూలిపోవడం.

కాబట్టి లైబ్రరీ ఏదా అని వెతికే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ లిస్టు ఎవరు మూశారు? రుతువులు, వారంలో రోజులు, ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాల పేర్లు, వీటిని రేపు ఎవరో జీవో ఇచ్చి పెంచరు. ఇలాంటివాటికి వన్ఆఫ్ నిజంగా బాగుంటుంది. జిల్లాలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. ఇలాంటి లిస్టుని తర్కంతో మూయడం తప్పు, ఇది గట్టిగా చెప్తున్నాను. నక్షత్రాలు మధ్యలో ఉంటాయి. 27 అనేస్తాం గానీ అభిజిత్తుని కలిపి 28 అనే లెక్క కూడా ఉంది. అక్కడ నేనైతే నక్షత్రం అనే క్లాస్‌ని మూయకుండా వదిలేసి, "27 నక్షత్రాల వరుస" అని వేరే క్లాస్ పెట్టి దాన్ని మూస్తాను.

లిస్టు మూయొచ్చు అని తేలాక, లోపల పెట్టేవి ఇండివిడ్యువల్సా (విడివిడి వస్తువులా), సబ్‌క్లాసులా (క్లాస్ లోపలి చిన్న క్లాసులా), లేక ఉత్త స్ట్రింగులా (అక్షరాల వరసలా)? మొదటి రెండింటి మంచిచెడ్డల మీద డబ్ల్యూ3సీ వర్కింగ్ గ్రూప్ 2005 మేలో ఒక నోట్ వేసింది. ఒకటి వన్ఆఫ్‌తో విలువల సెట్. రెండోది ఉమ్మడి సభ్యులు లేని సబ్‌క్లాసులు రాసి, వాటి యూనియనే (అన్నీ కలిపినదే) తల్లి క్లాస్ అని చెప్పడం. ఇండివిడ్యువల్‌ని ఇంకా చిన్నవిగా విడగొట్టలేం, క్లాస్‌నైతే ఎంత లోతుకైనా విడగొట్టొచ్చు. ఎరుపు కింద ముదురు ఎరుపు, లేత ఎరుపు రావొచ్చు అనుకుంటే సబ్‌క్లాసులే మేలు.

పంచాంగంలో ఇది ఇంకో రకంగా తగులుతుంది, నేను ఇక్కడే చాలాసేపు ఆగిపోయాను. విశ్వావసు 1965లోనూ వచ్చింది, 2025లోనూ వచ్చింది. విశ్వావసు అనే ఇండివిడ్యువల్‌కి ఉగాది తేదీ తగిలిస్తే రెండు తేదీలు వచ్చి పడతాయి, ఆ ప్రాపర్టీకి (తగిలించిన లక్షణానికి) ఒకే విలువ అని పెట్టి ఉంటే ఆంటాలజీ మళ్లీ విరుద్ధం అవుతుంది. నాకు కుదిరిన దారి ఏంటంటే, 60 పేర్లూ వన్ఆఫ్‌లో ఇండివిడ్యువల్స్, మనం నిజంగా బతికిన సంవత్సరం వేరే ఇండివిడ్యువల్, దానికి పేరు అనే ప్రాపర్టీ. రుతువులకీ అంతే. ఒక ఫలానా ఏటి వసంతం గురించి మాట్లాడాలనుకుంటే వసంతాన్ని సబ్‌క్లాస్ చెయ్యండి, ఊరికే ట్యాగ్‌లా వాడుకునేదైతే ఇండివిడ్యువల్ చాలు.

స్ట్రింగుల విషయం తొందరగా ముగిస్తాను. ఔల్ 2లో డేటాటైప్‌కి కూడా వన్ఆఫ్ పెట్టొచ్చు, పైగా రెండు వేరు స్ట్రింగులు వేరని వాటంతటవే తెలిసిపోతాయి కాబట్టి ఆల్‌డిఫరెంట్ గొడవ ఉండదు. కానీ తెలుగు డేటాలో ఒకరు ఋతువు అని, ఇంకొకరు రుతువు అని, ఒకరు వసంతం, మరొకరు వసంత ఋతువు అని రాస్తారు. స్ట్రింగుకి ఇవన్నీ వేర్వేరు. ఇండివిడ్యువల్‌కైతే ఒకే యూఆర్‌ఐ (వెబ్ చిరునామా లాంటి గుర్తింపు), ఎన్ని లేబుల్స్ అయినా తగిలించుకోవచ్చు. తెలుగువాళ్లం స్ట్రింగుల జోలికి పోకపోవడమే మంచిది.

జిల్లాలకి ఏం చేయాలి మరి? క్లాస్‌ని తెరిచే ఉంచి, తనిఖీ షాకిల్‌కి (డేటా నిబంధనలకి సరిపోతుందో లేదో చూసే భాషకి) అప్పగించండి. 2017 జులైలో ప్రమాణమైన షాకిల్‌లో "ఇన్" అని ఒక నిబంధన ఉంది, దాంట్లో లిస్టు ఇస్తే వచ్చిన డేటాలో లిస్టులో లేని పేరు కనబడగానే ఫలానా చోట ఫలానా విలువ తప్పు అని రిపోర్ట్ ఇస్తుంది. ములుగు ఇంకేదో జిల్లాకి మారుపేరేమో అని ఆలోచించదు. ఈనమ్ నుంచి మనం నిజంగా ఆశించేది ఇదే కదా! లిస్టు మారితే షాకిల్ ఫైల్ ఒక్కటే మారుస్తాం, ఆంటాలజీ జోలికి పోనక్కర్లేదు. జిల్లాల వివరాలు స్కాస్ (పదజాలాలు, వర్గీకరణలు రాసే ప్రమాణం) స్కీమ్‌లో పెట్టుకుని, మొదలైన తేదీ ప్రాపర్టీ తగిలించుకుంటే పాత లెక్కలూ పోవు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయ్యింది, వరంగల్ రూరల్ వరంగల్ అయ్యింది. పేరుని నమ్ముకుని యూఆర్‌ఐ పెట్టినవాళ్లకి అప్పుడు ఎంత టెన్షన్ పడాల్సి వస్తుందో ఆలోచించండి.

ఇక కోడ్. పైతాన్‌లో ఔల్‌రెడీ2 అనే లైబ్రరీ అన్నిటికంటే తేలిక, ఆరు ఆబ్జెక్టులు చేసి వన్ఆఫ్‌కి లిస్టుగా ఇస్తే అయిపోతుంది. ఒక్క చోట జాగ్రత్త. ఆ వన్ఆఫ్‌ని ఈజ్-ఎ లిస్టులో కలిపితే "రుతువు అయితే ఈ ఆరులో ఒకటి" అని ఒక వైపే చెప్పినట్టు. ఈక్వివలెంట్-టులో పెడితేనే "ఈ ఆరూ రుతువులే" అన్న రెండో వైపు కూడా వస్తుంది. ఆల్‌డిఫరెంట్ మనమే విడిగా రాయాలి. లోపల నడిచేది మామూలుగా హెర్మిట్ రీజనర్ కాబట్టి మెషీన్‌లో జావా ఉండాలి.

జావాలో ఔల్ ఏపీఐ, జీనా అనే రెండు లైబ్రరీల మధ్య ఎంచుకోవాలంటే వన్ఆఫ్ విషయంలో నా ఓటు ఔల్ ఏపీఐకే. జీనాలో ఎన్యూమరేటెడ్ క్లాస్ చేయడానికి విడిగా మెథడ్ ఉంది, రాయడం సుఖంగానే ఉంటుంది, కానీ జీనాతో పాటు వచ్చే రూల్ రీజనర్ వన్ఆఫ్‌ని సపోర్ట్ చేయదు. రాసింది ఫైల్‌లో ఉంటుంది, దాన్నుంచి వచ్చే తీర్మానం మాత్రం రాదు. ఔల్ ఏపీఐలో హెర్మిట్ లాంటి పూర్తి రీజనర్‌ని తగిలించుకోవచ్చు. అక్కడా ఒక గొయ్యి ఉంది. ఆక్సియమ్‌ని (ఆంటాలజీలో రాసిన ఒక్కో వాక్యాన్ని) చేశాక మార్చడం కుదరదు, సభ్యుడిని కలపాలంటే పాతది తీసేసి కొత్తది పెట్టాలి. పాతది తీయడం మర్చిపోతే 31 లిస్టూ నిజమే, 33 లిస్టూ నిజమే అవుతుంది, మళ్లీ ములుగు కథే. రెండు ఫైళ్లలో రెండు రకాల లిస్టులుండి ఒకటి ఇంకోదాన్ని ఇంపోర్ట్ చేసుకున్నా ఇదే జరుగుతుంది.

ఆర్‌డీఎఫ్‌లిబ్ అనే పైతాన్ లైబ్రరీతో ట్రిపుల్స్ (మూడు ముక్కల వాక్యాలు) చేత్తో రాసేవాళ్లు అందులో లిస్టు కట్టే కలెక్షన్ వాడండి. వన్ఆఫ్‌కి విలువగా వెళ్లాల్సింది లిస్టు తల (మొదటి నోడ్). ఆరుగురు సభ్యులకీ ఆరు వన్ఆఫ్ ట్రిపుల్స్ రాస్తే ఆ లైబ్రరీ ఏమీ అనదు, కానీ అది ఔల్ ప్రకారం చెల్లదు. ఆ లిస్టుకి వరుస ఉన్నట్టు కనిపించినా ఔల్ దాన్ని సెట్‌గానే చూస్తుంది, వసంతం తర్వాత గ్రీష్మం అని తెలియాలంటే "తర్వాతిది" అని ప్రాపర్టీ వేరే పెట్టుకోవాలి.

పెద్ద ఆంటాలజీ అయి, వేగం కోసం ఔల్ 2 ప్రొఫైల్స్‌లో (ఈఎల్, క్యూఎల్, ఆర్‌ఎల్ అనే కుదించిన రూపాల్లో) ఉండాలనుకుంటే అసలు ఎంపికే ఉండదు. ఈఎల్‌లో వన్ఆఫ్‌కి ఒక్క సభ్యుడినే ఒప్పుకుంటారు, క్యూఎల్‌లో వన్ఆఫ్ లేనే లేదు, ఆర్‌ఎల్‌లో సబ్‌క్లాస్ వైపు మాత్రమే రాయొచ్చు, అంటే క్లాస్‌ని మూయడానికి పనికిరాదు. అక్కడ షాకిలే దిక్కు.

ఏ దారిలో రాసినా ఒక టెస్ట్ మాత్రం కోడ్‌తో పాటే పెట్టుకోండి. కావాలని ఏడో రుతువుని కలిపి, అది మిగతా ఆరిటికంటే వేరు అని కూడా చెప్పి, రీజనర్ నడపండి. వేరు అన్న మాట మర్చిపోతే అది నోరెత్తదు. చెప్పాక కూడా ఎర్రర్ రాలేదంటే మీ వన్ఆఫ్ ఏదీ మూయలేదన్నమాట, ఏడోది ఆరింటిలో ప్రతిదానికీ వేరని చెప్పారా, రీజనర్ వన్ఆఫ్‌ని చదువుతోందా అన్నవి ముందు చూసుకోండి.