వానలో కెమెరా మీది రికార్డర్: రెయిన్ కవర్ చాన్నాళ్లు వాడాక

అమలాపురం, రాజోలు చుట్టుపక్కల పెళ్లిళ్లు తీస్తాను. గోదావరికి వరద వస్తే లంకల్లో వార్తల వీడియోలు కూడా తీస్తాను. మిర్రర్‌లెస్ కెమెరా, దానికి కేజ్ (పరికరాలు బిగించుకునే చట్రం), కేజ్ మీద ఐదంగుళాల ఎక్స్‌టర్నల్ రికార్డర్, పక్కన షాట్‌గన్ మైకు. రికార్డర్‌ని మా దగ్గర అందరూ మానిటర్ అనే అంటారు గానీ, ప్రోరెస్ అనే రకం వీడియో ఫైలు ఎక్కేది దాంట్లో దూర్చే డ్రైవు, అంటే ఎస్‌ఎస్‌డీలోనే. వీటన్నిటికీ కలిపి ఒక రెయిన్ కవర్ కొన్నాను. వీడియో వాళ్ల కోసమే కుట్టినది, నాలుగు వేలు దాటింది. ఇదే నమూనా చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, కాబట్టి పేరుతో పనిలేదు. కొన్ని వర్షాకాలాలు వాడాక నా అభిప్రాయం ఇది: కెమెరాకీ లెన్సుకీ ఈ కవర్ బంగారం. రికార్డర్‌ని మాత్రం ఇందులో పెట్టకూడదు.

‘మా కెమెరా బాడీ వెదర్ సీల్డ్ (వాన, దుమ్ము దూరకుండా సీలు చేసినది), మాకు కవర్ ఎందుకు’ అనేవాళ్లు తరచూ కనిపిస్తారు. రికార్డర్ తగిలించనంత వరకు ఆ మాట కొంత నిజం. తగిలించాలంటే కెమెరా నుంచి దానికి వీడియో పంపే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టాలి, కేబుల్ పెట్టాలంటే కెమెరా పక్కనున్న రబ్బరు మూత తీసే ఉంచాలి. ఇక సీలింగ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పవర్‌బ్యాంక్ కూడా వాడితే ఇంకో మూత తెరుచుకుంటుంది. రికార్డర్‌కైతే అసలు మూతలే లేవు. ఫ్యాను, గాలి కోసం చిల్లులు, ఎస్‌ఎస్‌డీ దూర్చే గాడి, బ్యాటరీ తగిలే లోహపు కాంటాక్టులు, అన్నీ బయటికే ఉంటాయి.

కవర్ విషయానికొస్తే, గుడ్డ నైలాను, లోపల పూత. గుడ్డలోంచి ఒక్క చుక్క దిగలేదు. నీళ్లు దిగేది ఎప్పుడైనా కుట్ల దగ్గరే. కొనేముందు కవర్ తిరగేసి, కుట్ల మీద టేపు అతికించి ఉందో లేదో చూడండి. నాదానికి ఉంది, కాకపోతే భుజానికి రాసుకునే చోట లేచిపోతే బ్యాగులు బాగుచేసే ఆయన దగ్గర మళ్లీ వేయించాను. చేతులు పెట్టే గొట్టాలు వదులుగా ఉండి ఫోకస్ రింగు హాయిగా తిరుగుతుంది. లెన్సు దగ్గర తాడు బిగిస్తే లెన్సు ముందుండే గొట్టం, అంటే హుడ్ మీద గట్టిగా కూర్చుంటుంది. హుడ్ లేకపోతే ఏ కవరూ దండగే. ముందు గాజు మీద చుక్కలు పడుతూనే ఉంటాయి. వెనకవైపు ప్లాస్టిక్ కిటికీ మొదట్లో తేటగా ఉండేది, ఇప్పుడు మడతలు పడి పసుపెక్కింది. దాని గుండా ఫోకస్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడం కష్టం.

అసలు గొడవ వేడి దగ్గర వచ్చింది. రికార్డర్‌కి తగిలించే ఎన్‌పీ-ఎఫ్ 970 బ్యాటరీలో దాదాపు 45 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. నా రికార్డర్ దాన్ని ఉజ్జాయింపుగా మూడు గంటల్లో తాగేస్తుంది. అంటే నడుస్తున్నంతసేపూ 15 వాట్లు, అందులో దాదాపు అంతా వేడిగానే బయటికి రావాలి. శ్రావణ మాసంలో మా తేమ సంగతి తెలిసిందే. కవర్ మూసి తాళ్లు బిగించాక ఆ వేడిని ఫ్యాను బయటికి ఊదలేదు, లోపలున్న గాలినే తిప్పి తిప్పి పీలుస్తుంది. కళ్లంలో ధాన్యం మీద బరకం రోజంతా కప్పి ఉంచితే పైన చుక్క పడకపోయినా లోపల ఆవిరి పట్టి రాశి వేడెక్కుతుంది చూడండి, అచ్చం అదే. ముందు ఫ్యాను గోల పెరిగి మైకులో పడుతుంది. తర్వాత కిటికీ లోపలివైపు ఆవిరి పడుతుంది. ఆ తర్వాత స్క్రీన్ మీద టెంపరేచర్ హెచ్చరిక, మనకి టెన్షన్.

అందుకని రికార్డర్‌ని కవర్లోంచి బయటికి తీసేశాను. కవర్ పైన మైకు కోసం వెల్క్రో మూత ఉంది, దాంట్లోంచి చిన్న ఆర్మ్ (కడ్డీ లాంటిది) పైకి తెచ్చి రికార్డర్ దానికి బిగించాను. దాని మీదికి పాత బరకం ముక్క, విరిగిన గొడుగు పుల్లలు కలిపి టైలర్ చేత చిన్న పైకప్పు కుట్టించాను. పైనా, రెండు పక్కలా మూత. కింద ఖాళీ, వెనక ఫ్యాను దగ్గర సగం ఖాళీ. ముందువైపు జానెడు బయటికి ఉంటుంది, ఎండలో స్క్రీన్‌కి నీడ కూడా అదే. మా కుర్రాడు దాన్ని ‘గుడిసె’ అంటాడు. చూడ్డానికి బాగోదు, నిజమే. కానీ కుండపోతలో కూడా ఫ్యాను గొంతు పెరగలేదు, హెచ్చరిక రాలేదు.

దీంతోపాటు కేబుల్ సంగతి చూసుకోవాలి. రికార్డర్ నుంచి కేబుల్ నేరుగా కెమెరాలోకి దిగితే, దాని వెంట జారే నీరు కూడా నేరుగా పోర్టులోకే వెళ్తుంది. కేబుల్ కాస్త పొడుగుది తీసుకుని, పోర్టు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వదలాలి. నీరు ఆ వంపు అడుగున బొట్లుగా రాలిపోతుంది. ఇంట్లోకి వచ్చే కరెంటు వైర్లని ఎలక్ట్రీషియన్లు ఇలాగే వంచుతారు.

ఇంకోటి, టచ్ స్క్రీన్. దాని మీద చినుకు పడితే వేలు తగిలిందనుకుంటుంది. తలంబ్రాల టైములో షామియానా అంచు నుంచి కారిన నీళ్లు రికార్డ్ బటన్ నొక్కేస్తే ఆ షాటు ఇక దొరకదు. రికార్డింగ్ మొదలవగానే స్క్రీన్ లాక్ చేయడం, కెమెరా ఒప్పుకుంటే లోపలి కార్డులో కూడా రికార్డింగ్ నడపడం, ఈ రెండూ ఎండాకాలంలోనైనా అలవాటు చేసుకుంటే మంచిది.

ఏసీ కల్యాణ మండపాలు వచ్చాక మరో తలనొప్పి. గంటల తరబడి చల్లబడిన కెమెరాని ఊరేగింపు కోసం ఒక్కసారి బయటికి తెస్తే, వాన లేకపోయినా లెన్సు మీదా, కనెక్టర్ల మీదా తేమ పట్టేస్తుంది. కవర్ దీన్ని ఆపదు. నేను బయటికొచ్చే ముందు కెమెరాని బ్యాగులో పెట్టి జిప్పు వేసి, బ్యాగు బయట ఉంచుతాను. అరగంటలో వేడి సమానం అవుతుంది. బ్యాండు వాళ్లు ఈలోగా మొదలుపెట్టేస్తే పెళ్లివారికి ఓపిగ్గా చెప్పుకోవాలి. మావాళ్లు మంచివాళ్లే. ‘ఆయ్, గొడుగు పట్టిస్తామండి, మీరు కానివ్వండి’ అంటారు. గొడుగు నిజంగానే మంచి సాయం, కానీ పట్టేవాడు పెళ్లికూతురి వైపు చూస్తూ మన మీద నుంచి తప్పిస్తాడు.

ఇక ఈ ఏర్పాటు ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. నిలువుగా పడే వానకి, ముసురుకి గుడిసె చాలు. ఈదురుగాలితో అడ్డంగా కొట్టే జల్లుకి చాలదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, చాకలిపాలెం దగ్గర కనకాయలంక వైపు పడవలో వెళ్లేటప్పుడు రికార్డర్ విప్పేసి సంచిలో పెట్టి, కెమెరా ఒక్కదాన్నే కవర్లో వాడాను. పడవలో నీళ్లు పైనుంచే కాదు, కింద నుంచీ ఎగురుతాయి. అక్కడ గుడిసెకి అడుగు లేకపోవడమే లోపం. అంతర్వేది, ఓడలరేవు తీరంలో వానకన్నా ఉప్పు ప్రమాదం. ఉప్పు తుంపర ఆరిపోయినా పొర మిగిలి మళ్లీ తేమ పీలుస్తుంది, కనెక్టర్లు పచ్చబడతాయి. ఇంటికొచ్చాక మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి, తర్వాత పొడిగుడ్డ.

చవకగా కావాలంటే లెన్సు వైపు తాడున్న పల్చటి ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. కెమెరా బ్యాగులో ఒకటి పడేసి ఉంచుకోండి, చినుకు మొదలయ్యాక ఆటో ఎక్కేదాకా కాపాడతాయి. షవర్ క్యాపు కూడా అంతే.

తడిసిన పరికరాన్ని బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా ఎవరైనా ఇస్తే వద్దనండి. గోదావరి జిల్లాల్లో బియ్యానికి కొదవ లేదు గానీ, ఆ పిండి పోర్టుల్లో చేరితే అదో పని. బ్యాటరీ తీసేసి, ఫ్యాను గాలికి ఒక రోజు వదిలేయడం మేలు. తర్వాత మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెడతాను. జెల్ గింజల రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు.

కవర్‌ని కూడా తడి మీద మడత పెట్టకూడదు, నీడలో ఆరేయాలి. అంత జాగ్రత్తగా చూసినా నాదానికి మోచేయి దగ్గర పూత పొరలుగా రాలుతోంది. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో కొత్తది కొంటాను. ఈసారి రికార్డర్‌కి చోటు లేని పొట్టి కవరే తీసుకుంటాను, సగం ధరకే వస్తుంది. గుడిసెకి పుల్లలు మారిస్తే చాలు.