పొందూరు సన్నఖాదీ: కట్టి, ఉతికి చూసిన తరువాత

వేసవిలో ఒంటిమీద బరువు తెలియకుండా ఉండే, చెమటను పీల్చుకుని కాసేపటికే ఆరిపోయే పంచె కావాలంటే పొందూరు సన్నఖాదీని మించినది నేను ఇంతవరకు కట్టలేదు. ఈ మాటతో పాటే చెప్పవలసిన మరో మాట కూడా ఉంది. ఇస్త్రీ లేకుండా కట్టుకుని బస్సెక్కేవారికీ, ఇంటిల్లిపాది బట్టలనూ ఒకేసారి వాషింగ్ మెషీన్‌లో వేసి తిప్పేవారికీ ఇది సరిపడదు. కొంత శ్రద్ధ, కొంత ఓపిక, మామూలు పంచెకు పెట్టేదానికంటే చాలా ఎక్కువ డబ్బు పెట్టగలిగే స్తోమత ఉన్నవారే దీని జోలికి వెళ్లడం మంచిది. నేను తీసుకున్నవి ఒక పంచె, ఒక కండువా, ఇంట్లోవారి కోసం ఒక చీర, చొక్కాకు సరిపడా గుడ్డ. వీటిలో మూడు నాకు పూర్తిగా నచ్చాయి, ఒకటి సగమే నచ్చింది. ఆ వివరాలకు ముందు ఈ బట్ట ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని ధరా, దీని గుణమూ, దీనితో వచ్చే ఇబ్బందులూ అన్నీ ఆ తయారీలోనే ఉన్నాయి.

పొందూరు శ్రీకాకుళం జిల్లాలోని మండల కేంద్రం. హౌరా, చెన్నై రైలు మార్గంలో శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు సమీపంలోనే పొందూరు స్టేషను కూడా ఉంది. శ్రీకాకుళం నుంచి రోడ్డు మీద వెళ్లినా దూరమేమీ కాదు. ఊళ్లో అడగవలసింది ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం గురించి. 'ఖాదీ సంఘం' అన్నా ఎవరైనా దారి చూపిస్తారు. 1949లో ఏర్పడిన ఈ సంఘం పత్తిని ఇచ్చి, వడికిన నూలును తీసుకుని, ఆ నూలును నేతగాళ్లకు ఇచ్చి, నేసిన బట్టను అమ్ముతుంది. గాంధీజీ ఇక్కడి బట్ట సన్నదనానికి ఆశ్చర్యపడి, తయారీని స్వయంగా చూసి రమ్మని కుమారుడు దేవదాస్ గాంధీని పంపారని ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచెలనే ఇష్టంగా కట్టేవారన్న ప్రసిద్ధి తెలుగు నాట తెలియనివారు తక్కువ. పెద్దల పేర్లు ఒక బట్టకు గౌరవం తెచ్చిపెడతాయి, సందేహం లేదు. అయితే ఆ గౌరవాన్ని ఏటేటా నిలబెడుతున్నది రాట్నం ముందు కూర్చునే స్త్రీలే అన్నది నా అభిప్రాయం.

మిల్లుల లెక్కలో చూస్తే ఈ ప్రాంతపు కొండపత్తి సన్ననూలుకు పనికివచ్చే పత్తే కాదు. దాని పింజ, అంటే పత్తి పోగు, పొట్టిది, పొట్టి పింజతో సన్నని దారం తీస్తే తెగిపోతుంది. ఆ లోటును పొందూరు స్త్రీలు చేతిపనితో పూడుస్తారు. గింజతో ఉన్న పత్తిని ముందుగా వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు సూదిమొనల్లాంటి సన్నని పళ్లు ఒత్తుగా ఉంటాయి. వాటి మధ్య నుంచి లాగినప్పుడు నలకలూ, పొట్టూ రాలిపోయి, పోగులన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. ఇనుప దువ్వెనతో ఈ పని కాదని, పోగు తెగిపోతుందని అక్కడివారు అంటారు. ఈ దవడలు గోదావరి వైపు నుంచి వస్తాయి, కొంతకాలం వాడాక అరిగిపోతాయి, మళ్లీ కొత్తవి కొనుక్కోవాలి. దువ్విన పత్తిని చెక్కపలక మీద ఉంచి ఇనుప కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు, ఆ తరువాత విల్లుతో ఏకి, మెత్తటి ఏకులుగా చుడతారు. ఇంత జరిగాక గానీ రాట్నం తిరగదు. రాట్నానికి దారం పురితిరిగి చుట్టుకునే కదురు ఒకటే. ఒక చేత్తో చక్రం, రెండో చేత్తో ఏకు.

ఇలా తీసిన నూలు 100 నుంచి 120 కౌంటు వరకు ఉంటుంది. కౌంటు అన్న మాట దుకాణాల్లో తరచుగా వినిపిస్తుంది గానీ దాని లెక్క చెప్పేవారు తక్కువ. 840 గజాల నూలును ఒక చిలపగా తీసుకుని, ఒక పౌను బరువుకు, అంటే సుమారు 454 గ్రాములకు, అలాంటి చిలపలు ఎన్ని తూగుతాయో ఆ సంఖ్యే కౌంటు. 100 కౌంటు నూలు ఒక పౌను ఉందంటే దాని పొడవు 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో ఒక కొస పట్టుకుని బయలుదేరితే విజయనగరం దాకా సాగే దారం అరకిలో కూడా తూగదన్నమాట. నాలుగు మీటర్ల పొడవు, యాభై అంగుళాల పన్నా ఉన్న పంచెకు అంగుళానికి 80 పోగుల చొప్పున లెక్క వేసుకుంటే, పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డ పోగులూ, కలిపి 30 కిలోమీటర్లకు పైగా నూలు పడుతుంది. గంటకు 300 మీటర్లు తీసే చేయి అనుకున్నా, వడకడానికే వంద గంటలు దాటుతుంది. దువ్వడం, గింజ తీయడం, ఏకడం, పడుగు సాగదీసి గంజి పట్టించడం, మగ్గం మీద నేయడం వేరే. పంచె ధర విని కనుబొమ్మలు ఎగరేసేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలని నా మనవి.

ఈ వంద గంటలూ ఎవరివి అన్న ప్రశ్న దగ్గరే నాకు ఈ బట్ట మీద గౌరవం పెరిగింది. వడికేవారిలో అత్యధికులు స్త్రీలు, వారిలో చాలామంది వయసు మళ్లినవారు. ఇంటి పని ముగించుకుని, అరుగు మీదనో వరండాలోనో నలుగురైదుగురు చేరి వడుకుతారు. మాటలు నడుస్తూనే ఉంటాయి, దారం మాత్రం తెగదు. పొలం పనికి నడుము వంగని వయసులో, కొడుకుల దగ్గర చేయి చాపకుండా తన మందులకూ తన చిల్లర ఖర్చులకూ తానే సంపాదించుకునే వీలు ఒక పెద్దావిడకు ఎంత ధైర్యమిస్తుందో మన పల్లె ఇళ్లు తెలిసినవారికి వివరించి చెప్పనక్కరలేదు. ఆ డబ్బు పెద్ద మొత్తం కాదు. కూలి చాలడం లేదన్న మాట ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నదే, అది న్యాయమైన మాటే. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు తక్కువ కావడానికి కారణం కూడా అదే.

అయినా ఇన్నేళ్లు ఈ విద్య నిలవడానికి ఒక్కొక్కరి పట్టుదల మాత్రమే కారణమని అనుకోను. వేలికొసలకు ఎంత నేర్పు ఉన్నా, వడికిన చిలపను తీసుకుని వెంటనే లెక్క కట్టి డబ్బిచ్చే చోటు ఒకటి లేకపోతే, రాట్నం నాలుగు నెలల్లో అటక ఎక్కుతుంది. ఆ చోటు సంఘం. పత్తి కోసం వడికే స్త్రీ బజారులో తిరగనక్కరలేదు, నూలు కోసం నేతగాడు దళారిని వెతుక్కోనక్కరలేదు, అమ్ముడుపోతుందో లేదో అన్న దిగులు వారి నెత్తిన పడదు. చేతివృత్తులను పొగిడేటప్పుడు మనం సాధారణంగా కళాకారుడి నేర్పును ఆకాశానికెత్తి, కొలత, తూకం, చిట్టా, చెల్లింపు అనే పనులను వదిలేస్తాం. పొందూరులో నాకు నేర్పుతో సమానంగా ముఖ్యమనిపించినవి ఆ చిట్టా పుస్తకాలే. నేతలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. పడుగు సాగదీసి గంజి పెట్టే పని ఒక్కరితో కాదు. ఇంటివారో ఇరుగుపొరుగువారో తలొక చేయి వేయాలి.

ఇక వాడకం సంగతి. పంచె మొదటి కట్టులో కాస్త బిరుసుగా అనిపిస్తుంది. అది గంజి వల్ల. రెండు మూడు ఉతుకులయ్యాక మెత్తబడి, కాళ్లకు అంటుకోకుండా, గాలి ఆడుతూ ఉంటుంది. దగ్గరగా చూస్తే దారం అక్కడక్కడా కొంచెం లావుగా, కొంచెం సన్నగా కనిపిస్తుంది. చేతి నూలుకు అది సహజం, దాన్ని లోపమని దుకాణదారుతో వాదించకండి. తెలుపు కూడా మిల్లు పంచెలా నీలం మెరుపుతో ఉండదు, లేత పాలమీగడ రంగులో ఉంటుంది. నాకు అదే నచ్చింది. పలచన మాత్రం నిజమే. సన్నరకం పంచెను లోపల మరో గుడ్డ లేకుండా ఎండలో కట్టుకుని తిరగడం సభ్యంగా ఉండదు. ముడతలు తొందరగా పడతాయి. పెళ్లిలో పీటల మీద కాసేపు కూర్చుని లేచారంటే ఫొటోలో తెలిసిపోతుంది.

ఉతుకు విషయంలో నా అనుభవం ఇది. చల్లని నీళ్లలో, ఘాటు తక్కువగా ఉన్న సబ్బుతో, చేత్తో నెమ్మదిగా ఉతికి, పిండకుండా వేలాడదీసి, నీడన ఆరబెట్టాలి. పలచగా బియ్యపు గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే పంచె నిలబడుతుంది. చాకలి బండకు ఇవ్వడం అంటే పంచె ఆయుష్షును సగానికి కోయడమే. మొదటి ఉతుకులో పొడవు కొద్దిగా తగ్గుతుంది, కనుక చొక్కా గుడ్డను కుట్టించడానికి ముందే ఒకసారి నానబెట్టి ఆరబెట్టుకోవాలి.

నాకు సగమే నచ్చిందన్నది ఆ చొక్కా గుడ్డే. గుడ్డలో వంక లేదు. కానీ సన్నఖాదీకి కాలరు, కఫ్ వంటి చోట్ల గట్టిదనం చాలదు, భుజాల దగ్గర కుట్టు లాగినట్టు కనిపిస్తుంది. చొక్కాకైతే ఇంతకంటే తక్కువ కౌంటు ఖాదీయే మేలు, చవక కూడా. చీర సంగతి వేరు. మేము తీసుకున్నది చిన్న అంచుతో, నేలంతా సాదాగా ఉన్నది. జాందానీ పనితనం ఉన్న చీరలు కూడా ఇక్కడ నేస్తారు, వాటిలో ప్రతి బుట్టానూ మగ్గం మీదే చేత్తో అదనపు దారం పెట్టి నేస్తారు గనుక ధర మరొక మెట్టు పైన ఉంటుంది. మా ఇంట్లో సాదా చీరకే ఓటు పడింది, రోజంతా కట్టుకున్నా చీర ఉందన్న ధ్యాస లేదన్నారు.

కొనేవారికి ఒక హెచ్చరిక. పొందూరు పేరు బాగా అమ్ముడుపోతుంది, అందువల్ల పొందూరు కానిదీ ఆ పేరుతో అమ్ముడుపోతుంది. ఒక పెద్ద పట్టణంలో, పేరు చెప్పడం ఇష్టంలేని ఒక బట్టల దుకాణంలో, పవర్‌లూమ్ పంచెను నా ముందు పొందూరు ఖాదీ అని ధీమాగా పరిచారు. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే పోగులన్నీ గీత గీసినట్టు సమానంగా ఉన్నాయి. చేతి నూలు అలా ఉండదు. ఖాదీ పేరుతో అమ్మే సరుకుకు ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ ధ్రువీకరణ ఉండాలని 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనలు చెబుతున్నాయి, కాబట్టి ఆ ముద్ర ఉందో లేదో అడగడం కొనేవారి హక్కు.

ఇంకొక తేడా కూడా తెలుసుకోవాలి. దేశంలో ఇప్పుడు దొరికే ఖాదీలో చాలా భాగం అంబర్ చరఖా నూలుతో నేసినది; ఆ చరఖాకు అనేక కదుళ్లు ఉంటాయి, ఏకడం వంటి ముందు పనులు యంత్రాల మీదే జరిగిపోతాయి. అదీ ఖాదీయే, మోసమేమీ లేదు, రోజువారీ వాడకానికి గట్టిగా నిలుస్తుంది కూడా. కానీ చేప దవడతో దువ్వి, ఒంటి కదురు మీద తీసిన నూలు ధరకు అది రాకూడదు. కనుక కొనే ముందు కౌంటు ఎంత, ఏ రాట్నం నూలు అని రెండు ప్రశ్నలు వేయండి. సరైన చోట సరైన సమాధానం వస్తుంది.

ధర విషయంలో నా తీర్పు ఇదే: ఖరీదైనదే గానీ అన్యాయమైనది కాదు. గాంధీ జయంతి రోజుల్లో ఖాదీ మీద రాయితీ ఇవ్వడం ఆనవాయితీ కనుక, తొందర లేనివారు అప్పటిదాకా ఆగవచ్చు. ఆన్‌లైన్‌లో కొనడం కంటే పొందూరు వెళ్లి కొనడమే మంచిదని చెబుతాను, బట్టను వేళ్ల మధ్య నలిపి చూడకుండా కౌంటు తేడా తెలియదు. మొదటిసారి కొనేవారు నేరుగా సన్నరకం పంచెకు వెళ్లకుండా ఒక కండువాతో మొదలుపెట్టడం నయం. ఉతుకు, గంజి, ఇస్త్రీ ఎంతవరకు చేసుకోగలరో అది చెప్పేస్తుంది, నచ్చకపోయినా భుజం తుడుచుకోవడానికైనా ఏళ్ల తరబడి పనికివస్తుంది.