రుద్దడమా, సాగదీయడమా: పాలిమర్ గొలుసులను వరుసలో నిలిపేది ఏది?

బెండకాయలు తరిగిన చాకును పైకెత్తితే జిగురు సన్నటి తీగలా సాగుతుంది. అదే జిగురును రెండు వేళ్ల మధ్య రుద్దితే జారిపోతుంది. పదార్థం ఒకటే, ప్రవాహాలు రెండు. మొదటిది సాగదీత, రెండోది షియర్.

ఆ జిగురులో పొడవాటి గొలుసు అణువులు, అంటే పాలిమర్లు, ఉంటాయి. మామూలప్పుడు అవి చిక్కుపడ్డ దారపు ఉండల్లా ఉంటాయి. షియర్‌లో పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో జారతాయి. లెక్క ప్రకారం అందులో సగం సాగదీత, మిగతా సగం వట్టి తిప్పుడు. గొలుసు కాస్త విప్పుకోగానే ఆ తిప్పుడు దానితో పల్టీ కొట్టిస్తుంది, అది మళ్లీ ముడుచుకుంటుంది. సాగదీతలో ఈ తిప్పుడు లేదు. చివర్లు దూరమైన కొద్దీ లాగుడు ఇంకా పెరుగుతుంది.

అయితే సాగదీతకూ ఒక హద్దు ఉందని 1974లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త పియర్-జిల్ ద జెన్ చూపారు. ప్రవాహం సాగే రేటును, గొలుసు తిరిగి ముడుచుకోవడానికి పట్టే కాలంతో గుణిస్తే వచ్చే విలువ సుమారు 0.5 దాటాలి. దాటకపోతే ఉండ ఉండలాగే మిగులుతుంది. దాటితే ఒక్కసారిగా విప్పుకుంటుంది.

1990లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ చూ బృందం దీన్ని కళ్లారా చూసింది. డీఎన్ఏ గొలుసులకు మెరిసే రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కదాన్నీ గమనించారు. సాగదీతలో అవి దాదాపు పూర్తి పొడవుకు చేరాయి. షియర్‌ను ఎంత పెంచినా సగటు సాగుదల సగానికి లోపే ఆగింది. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇంకొకటి: ఒకే ప్రవాహంలో, ఒకే రకం అణువులు ఒక్కోటీ ఒక్కో తీరుగా విప్పుకున్నాయి. మధ్యలో మడత పడ్డవి బాగా వెనకబడ్డాయి.

అంటే సాగదీతకు సమయం కావాలి, అక్కడే చిక్కు. షియర్‌ను ఎంతసేపైనా నడపవచ్చు. సాగే ప్రవాహంలో మాత్రం ద్రవం క్షణాల్లో దాటిపోతుంది. అయినా నైలాన్ దారం తీసేటప్పుడు సన్నటి రంధ్రాల్లోని షియర్‌ను నమ్ముకోరు. బయటికొచ్చిన దారాన్ని, అది వచ్చే వేగం కంటే ఎక్కువ వేగంతో లాగుతారు.

గోడకు పూత వేయాలంటే షియర్ చాలు. గట్టి దారం కావాలంటే మాత్రం సాగదీతే మేలు, సందేహం లేదు. కానీ మితిమీరి లాగకూడదు. సాగిన గొలుసులో బిగువు నడిమధ్యే ఎక్కువ. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో కెల్లర్, ఓడెల్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో అతివేగంగా సాగదీసిన గొలుసులు సరిగ్గా అక్కడే రెండుగా తెగాయి.