చేత్తో వేసిన జపాన్ బొమ్మలు తెప్పించాం: వాన ఉంచుకున్నాం, అల వెనక్కి పంపాం

నర్సాపురంలో మా ఇంటి హాల్లో సోఫా వెనక గోడ బోసిగా ఉందని ఏడాదిన్నర కిందట రెండు బొమ్మలు ఆర్డర్ పెట్టాను. రెండూ పాత జపాన్ చెక్క అచ్చు బొమ్మలకి చేత్తో వేసిన నకళ్ళే. ఒకటి హోకుసాయ్ వేసిన పెద్ద అల, మూడడుగుల కాన్వాస్ మీద యాక్రిలిక్ రంగులు, 9,500 రూపాయలు. రెండోది హిరోషిగే అనే చిత్రకారుడి వాన బొమ్మ, చేతికాగితం మీద నీటిరంగులు, అసలు అచ్చు ఎంత ఉంటుందో ఇంచుమించు అంతే సైజు, 4,200. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు. ఈ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవి ఇవే.

ముందు వాన సంగతి. 1857 నాటి బొమ్మ ఇది. ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, సుమిదా నది మీద చెక్క వంతెన, ఉన్నట్టుండి జడివాన, గొడుగుల కింద ముడుచుకుని పరిగెత్తే జనం, కింద నదిలో దుంగల తెప్ప మీద ఒక్కడే మనిషి. అవతలి గట్టు బూడిదరంగు మసకలో కలిసిపోయి ఉంటుంది. సఖినేటిపల్లి నుంచి పంటు మీద వస్తుంటే వశిష్ఠ గోదావరి మధ్యలో వాన అందుకుంటే మన గట్టు సరిగ్గా అలాగే మాయమవుతుంది. పార్సిల్ విప్పగానే మా అమ్మ "ఇది మన రేవు కాదూ" అంది.

దగ్గరికెళ్ళి చూస్తే పనితనం తెలుస్తుంది. అసలు బొమ్మలో వాన అంటే వెంట్రుకల్లాంటి గీతలు, అవీ ఒకే వాలులో ఉండవు, ఒక వరస కొంచెం ఇటు, ఇంకో వరస కొంచెం అటు. చెర్రీ చెక్క మీద ఒక్కో గీతనీ మిగిల్చి దాని చుట్టూ ఉన్నదంతా చెక్కి తీసేయాలి. అదే కుంచెతో లాగాలంటే వేరే కష్టం, చెయ్యి ఆగినచోటల్లా రంగు దిగుతుంది. మాకొచ్చిన దాంట్లో తెప్ప పక్కన నాలుగైదు గీతలు లావై ఒకదానికొకటి అంటుకున్నాయి. మిగతా అంతా శుభ్రంగా ఉంది, వాలు మారేచోట కూడా తడబడలేదు. పైన నల్లమబ్బు నుంచి కిందికి రంగు పల్చబడుతూ వచ్చే భాగం మాత్రం అద్భుతంగా కుదిరింది. జపాన్ వాళ్ళు దాన్ని బొకాషీ అంటారు. అచ్చువేసేవాడు ప్రతిసారీ తడి చెక్క మీద రంగుని చేత్తోనే అద్ది అలా తేలుస్తాడు, అందుకే ఒక్కో ప్రతిలో మబ్బు ఒక్కోలా ఉంటుంది. నీటిరంగుకి ఆ గుణం ఎలాగూ ఉంది, కాబట్టి ఇక్కడ నకలు అసలుకి దగ్గరగా వచ్చింది.

చేత్తో వేసింది నకలే కదా, దానికి అంత డబ్బెందుకు అని మా బావగారు అడిగారు. ఇదే వాన బొమ్మని డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో నూనెరంగుల్లో తన చేత్తో మళ్ళీ వేసుకున్నాడు, అంతగా నచ్చింది ఆయనకి. నకలు వేయడంలో తప్పేం లేదు. అచ్చుని బాగా చూసి వేశారా, ఫోన్లో ఫొటో చూసి వేశారా అన్నదే నాకు ముఖ్యం.

అల దగ్గర అదే తేలిపోయింది. 1831 ప్రాంతంలో వచ్చిన ఈ బొమ్మ అసలు సైజు దాదాపు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు, ఒడిలో పెట్టుకుని చూసేంత. దాన్ని మూడడుగులకి సాగదీస్తే అల కొసన గోళ్ళలా వంగిన నురగ పదును పోయి పిండివడియాల్లా ఉబ్బింది. అసలు అచ్చులో అల చుట్టూ గీత కూడా నీలమే, వీళ్ళు నల్లగా గీసేశారు. రంగు మీద లైటు పడితే ప్లాస్టిక్ బకెట్‌లా మెరుస్తోంది. ఇవన్నీ సర్దుకుపోయేదాన్నే, కానీ అల కింద ఉన్న మూడు పడవల్లో ఒకదాంట్లో మనుషులే లేరు! రంగు పూసిన ఖాళీ పడవ, అంతే.

అవి తాజా చేపల్ని ఎడో బజారుకి చేర్చే వేగం పడవలు. తెడ్లవాళ్ళు వంగిపోయి పడవని కరుచుకుని ఉంటారు, వాళ్ళ తలలు వరసగా చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. మా తాతయ్య అంతర్వేది వైపు నావ నడిపినవాడు. ఆయన చెప్పిన మాటలు విని పెరిగినదాన్ని, నాకు ఆ బొమ్మలో ముందు కనిపించేది అల కాదు, ఆ వంగిన వీపులే. మెసేజ్ పెడితే "అంత చిన్న డీటెయిల్ ఎవరూ గమనించరండీ" అన్నారు. చాలా బాధేసింది. వెనక్కి పంపాను. మూడు వారాలు టెన్షన్ పెట్టి, కొరియర్ ఖర్చు 650 కోసుకుని మిగతాది ఇచ్చారు.

మన ప్రాంతంలో కాగితం బొమ్మ కొనేవాళ్ళకి ఒక మాట. వానాకాలంలో ఇక్కడ గోడలే చెమరుస్తాయి. ఫ్రేమ్ షాపతను కాగితం మొత్తానికి బంక రాసి అట్టకి అతికిస్తానన్నాడు, అస్సలు ఒప్పుకోకండి. నేను పైఅంచు మాత్రమే రెండు చిన్న కాగితం ముక్కలతో పట్టించి, అద్దం బొమ్మకి తగలకుండా చుట్టూ మందపాటి అట్ట బోర్డర్ పెట్టించాను. బయటి గోడకి కాకుండా లోపలి గోడకి తగిలించాం. ఒక వానాకాలం పూర్తిగా గడిచింది, ఒక్క బూజు చుక్క లేదు.

ఆర్డర్ పెట్టేముందు మీకు ఇష్టమైన భాగం దగ్గరగా తీసిన ఫొటో అడగండి, బొమ్మ మొత్తం ఫొటో చూసి మోసపోకండి. సైజు పెద్దదైతే బాగుంటుందనుకోకండి. కాగితం, నీటిరంగు అయితే ధైర్యంగా తీసుకోవచ్చు, వాన బొమ్మకి అయిదుకి నాలుగు ఇస్తాను.

అల మీద ఆశ చావక పోయిన వారం ఇంకొకరికి చెప్పాను, కాగితం మీద, అసలు సైజులోనే. మూడు పడవల ఫొటోలు విడివిడిగా పంపాకే మిగతా డబ్బు వేస్తానన్నాను, సరేనన్నారు.