పొంగిన గోడకు లప్పమా, టైల్సా, సున్నమా?

పాలకొల్లు దగ్గర మా ఇంట్లో పడమటి గది గోడ ఏటా ఒకే చోట పొంగేది. నేల నుంచి మూడడుగుల దాకా రంగు బుడగలు కట్టేది. వేలితో నొక్కితే పెంకులా చిట్లి, లోపలి నుంచి తెల్లటి పొడి రాలేది. సున్నమనుకునేవాళ్లం గానీ అది ఉప్పు.

మన గోదావరి డెల్టాలో నేల తవ్వితే నీళ్లు దగ్గరే. కాలవలు పారుతున్నన్నాళ్లూ చుట్టూ చేలు, చెరువులు నిండుగా ఉంటాయి. దీపపు వత్తి నూనె పీల్చినట్టు పునాది ఇటుక ఆ నీటిని పైకి లాగుతుంది. ఎక్కువగా మూడు నాలుగడుగుల దాకా ఎక్కుతుంది. నీరు గోడ మీద నుంచి ఆరిపోతుంది, అందులోని ఉప్పు మాత్రం మిగిలి, గడ్డకట్టి రంగును బయటికి తోస్తుంది. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లతో గోడ కట్టి, అవే నీళ్లతో తడిపితే ఆ ఉప్పు మొదటి రోజు నుంచే గోడలో ఉన్నట్టు.

డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. గోడ మీద అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. కాగితానికి గోడ వైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు ఉంటే గదిలో గాలి ఆడక పట్టిన తేమ అది, దానికి కిటికీ తీస్తే చాలు. మరక పైనుంచి కిందికి దిగుతుంటే స్లాబో పైపో చూసుకోవాలి.

ఇక మందుల సంగతి. అందరూ ముందు చేసేది గీకేసి లప్పం పెట్టి, చెమ్మ ఆపే రంగు వేయడం. మేమూ రెండుసార్లు వేశాం. సంక్రాంతికి మెరిసిన గోడ శ్రావణానికల్లా మళ్లీ పొంగింది. ఆ రంగు గోడ మీద తొడుగులా పరుచుకుంటుంది, వెనక నీటికి దారి ఉండదు. పైపు కారడం, బయటి గోడ బీటల్లాంటి కారణమైతే అది బాగుచేసి, గోడ బాగా ఆరాక ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. నేల నుంచి ఎక్కే చెమ్మకు మాత్రం దండగ.

ఇప్పుడు మా వైపు ఎక్కువగా చేస్తున్నది టైల్స్. "నాలుగడుగులు టైల్స్ కొట్టేయండి, పీడా పోద్ది" అంటారు. చూడ్డానికి బాగుంటుంది, తుడుచుకోవడం తేలిక. కానీ లోపలి నీరు ఎక్కడికి పోతుంది? టైల్స్ దాటి పైకి పోతుంది. మా పిన్నిగారింట్లో టైల్స్ పైన జానెడు మేర ఇప్పుడు కొత్తగా బుడగలు. వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూతదీ ఇదే గుణం.

చివరికి మా గోడకు పనికొచ్చింది సున్నం. ముసలి తాపీ మేస్త్రి గారొకరు వచ్చి, చెమ్మ గీతకు అడుగున్నర పైదాకా పాత పూత ఇటుక కనపడేలా కొట్టించారు. "పాత పూతలోనే ఉందండి ఉప్పంతా, అది ఉంచితే లాభం లేదు, ఆయ్" అన్నారు. సందుల్లో పొడి బ్రష్‌తో గీకించి, సున్నం ఇసుక పూత పూసి, పైన వెల్ల వేయించారు. సిమెంటు కలపనివ్వలేదు. సున్నపు పూతలోంచి ఆవిరి బయటికి పోతుంది. వానాకాలంలో మా గోడ కింది భాగం కాస్త నల్లబడి, మాఘానికి మళ్లీ తెల్లబడుతుంది. మూడేళ్లలో ఒక్క బుడగ రాలేదు.

ఇబ్బందులు లేకపోలేదు. పని నెమ్మది, తెలిసిన చెయ్యి దొరకాలి, ఆనుకుంటే బట్టలకు తెల్లగా అంటుతుంది, ఏడాదికో రెండేళ్లకో వెల్ల వేయాలి. ఒకప్పుడు ప్రతి పండక్కీ వేసినదే కదా.

అసలు నీరు ఎక్కకుండా ఆపాలంటే గోడ అడుగున వరసగా రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది. ఖర్చెక్కువ. ఇటుక గోడకు, నేర్పుగా చేస్తే పనిచేస్తుంది. అదయ్యాక కూడా ఉప్పు పట్టిన పూత కొట్టాల్సిందే. డబ్బుంటే ఇది చేయించి పైన సున్నం, లేకపోతే సున్నం ఒక్కటే. ఇదీ నా మాట. కొత్తగా కట్టుకునేవాళ్లు మాత్రం పునాది మీద గోడ మొదలయ్యే చోట చెమ్మ ఆపే కాంక్రీటు పొర వేయించకుండా మొదటి ఇటుక పెట్టనివ్వకండి. కట్టేటప్పుడు అది చిన్న ఖర్చు.

ఏది చేయించినా వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక మొదలుపెట్టండి. నేలలో నీరు దిగి, గోడ ఆరడానికి ఏడాది మొత్తంలో మనకు దొరికేది ఆ కొద్ది వారాలే.