భూటాన్‌కి ఏప్రిలా, నవంబరా?

నేను భూటాన్ వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు: "ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?" పర్మిట్ సంగతులు, సరిహద్దు ఊరు జైగావ్ మీదుగా రోడ్డున వెళ్ళాలా, పారోకి విమానమెక్కాలా లాంటివన్నీ వాళ్ళే చూసుకుంటున్నారు. తేలనిదల్లా నెల ఒక్కటే. నేను ఒకసారి ఏప్రిల్‌లో, ఇంకోసారి నవంబరులో వెళ్ళాను. రెండూ చూసినదాన్ని కాబట్టి ఉన్నమాట చెప్తాను.

ఏప్రిల్ అంటే పూలు. థింఫూ నుంచి పునాఖా వెళ్ళే దారిలో దోచులా కనుమ దగ్గర రోడోడెండ్రాన్ చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. మోదుగు విరగబూసిన మన అడవిని చలిలో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. కిందికి దిగితే రెండు నదుల మధ్య పునాఖా జోంగ్ అనే కోట, దాని పక్కన ఊదారంగు జకరండాలు. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళకి ఏప్రిల్‌ని మించిన నెల లేదు.

అదే రోజుల్లో పారో త్సేచు అనే బౌద్ధుల పండగ కూడా పడుతుంది. చాంద్రమానం లెక్క కాబట్టి కొన్నేళ్ళు మార్చిలోకి జరుగుతుంది. చివరి రోజు తెల్లవారుజామున మూడింటికే వెళ్ళి చలిలో నిలబడ్డాం. చీకట్లోనే ఒక భవనం గోడ మొత్తం కప్పేసే పట్టు చిత్రపటాన్ని పైకి లాగారు. దాన్ని థోంగ్‌డ్రెల్ అంటారు, మధ్యలో గురు రింపోచే, అంటే పద్మసంభవుడు. చూసినంత మాత్రాన ముక్తి అని నమ్మకం. ఎండ పొడ తగిలేలోపే చుట్టి లోపల పెట్టేస్తారు. నా ముందున్న ముసలావిడ దాని అంచుకి నుదురు ఆనించి ఎంతసేపటికీ కదల్లేదు. వెనక క్యూ ఆగిపోయినా ఒక్కరూ విసుక్కోలేదు. వైకుంఠ ఏకాదశి నాడు ఉత్తర ద్వారం ముందు తోసుకున్న అనుభవం ఉన్న నాకు అది వింతే. ఇలాంటిది నవంబరులో నాకు దొరకలేదు, ఒప్పుకుంటాను.

కానీ ఆ ఏప్రిల్ ప్రయాణం ఆరు రోజుల్లో మంచుకొండలు కనపడింది ఒక్క ఉదయం, ఇరవై నిమిషాలు. పొద్దున్నే పొగమంచు, మధ్యాహ్నం అయ్యేసరికి మబ్బు. దోచులాలో 108 చోర్టెన్ల (చిన్న స్తూపాల) మధ్య నిలబడి తెల్లటి గోడలాంటి మబ్బుని చూస్తూ టీ తాగి వచ్చేశాం. మన దేశం వాళ్ళు రాత్రికి 1,200 రూపాయలు, అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్ళయితే 100 డాలర్లు పర్యాటక రుసుము కడతారు. ఏ నెలైనా అంతే. మబ్బు పట్టిన రోజుకి తగ్గింపేమీ లేదు.

నవంబరులో అదే దోచులాలో, 3,100 మీటర్ల ఎత్తున, ఆకాశం కడిగినట్టు ఉంది. డ్రైవరు వేలెత్తి గాంగ్‌ఖర్ పుయెన్సుమ్ చూపించాడు. 7,570 మీటర్లు. ఇంతవరకూ మనిషి ఎక్కని శిఖరాల్లో ఇదే ఎత్తయినది. కొండలు దేవతల నివాసమని అక్కడివాళ్ళ నమ్మకం, అందుకే 2003 నుంచి ఆ దేశంలో పర్వతారోహణే నిషేధం. పారో లోయకి 900 మీటర్ల పైన కొండ అంచున ఉన్న తాక్త్సాంగ్ మఠానికి మాత్రం ఏ నెలలో వెళ్ళినా కొండ ఎక్కాల్సిందే. నవంబరులో దారి పొడిగా ఉంటుంది, అంతే తేడా.

ఇవన్నీ అటుంచితే, నావరకు తేల్చేసింది కొంగలు.

పునాఖా నుంచి మూడు గంటలు పైకెళ్తే ఫోబ్జిఖా లోయ. అక్టోబరు చివర్లో టిబెట్ పీఠభూమి నుంచి నల్లమెడ కొంగలు అక్కడికి దిగుతాయి, ఫిబ్రవరి దాటేదాకా ఉంటాయి. మన పొలాల్లో నాగలి వెనక నడిచే తెల్లకొంగ కాదు, ఇది క్రౌంచ జాతి, నిలబడితే మనిషి ఛాతీ దాకా వస్తుంది. అక్కడివాళ్ళు థ్రుంగ్ థ్రుంగ్ కర్మో అంటారు. వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ గాంగ్‌టే మఠం చుట్టూ మూడుసార్లు తిరుగుతాయని చెప్తారు. ప్రదక్షిణే కదా! తీగలకి తగిలి పక్షులు చనిపోతాయని ఆ లోయలో కరెంటు తీగల్ని భూమిలోంచి వేశారు. మన తేలినీలాపురం వాళ్ళు పెలికాన్లు వస్తే ఊరికి మంచిదనుకుంటారు చూడండి, ఇదీ అలాంటి ప్రేమే.

పొద్దున ఆరింటికి బయటికొస్తే గడ్డి మీద మంచు గడ్డకట్టి, అడుగేస్తే కరకరమంది. లోయంతా పొగమంచు, పక్షి జాడ లేదు. ముందు అరుపు వినిపించింది, దూరంగా ఎవరో బూర ఊదినట్టు. తర్వాత ఎండ దిగుతుంటే బురద నేలలో బూడిదరంగు ఒళ్ళు, నల్లటి మెడ, నెత్తిన చిన్న ఎర్ర మచ్చ. నాలుగు లెక్కపెట్టాను. ఐదు నిమిషాల్లో నలభై అయ్యాయి. బైనాక్యులర్ మర్చిపోయి వెళ్ళాను, మీరు మర్చిపోకండి. కొంగల సమాచార కేంద్రంలో టెలిస్కోప్ ఉంది కాబట్టి బతికిపోయాను. రాత్రి సున్నా దాకా దిగే చలి మాత్రం నిజంగా చలి. గదిలో బుఖారీ పొయ్యి ఉందో లేదో బుకింగ్‌కి ముందే అడగండి.

మిగతా నెలలు? మేలో పిల్లల సెలవులు కదా అంటారు. అప్పటికి పూలు తగ్గిపోయి మబ్బులు పెరుగుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు వానలు, కొండచరియలు, జలగలు. డిసెంబరు, జనవరిలో చలికి ఓర్చుకుంటే కొంగలు ఉంటాయి. దసరా సెలవులు పర్వాలేదు. త్సేచు అంటే పదో రోజని అర్థం, మన దశమే. 2025లో థింఫూ త్సేచు మొదలైంది విజయదశమి నాడే, అక్టోబరు 2న. పారోలో ఇళ్ళ కప్పుల మీద ఎండుమిరపకాయలు ఆరబోసి ఉంటే గుంటూరు గుర్తొస్తుంది. కొంగలు మాత్రం ఇంకా రావు.

నవంబరుకి ఇంకో సౌకర్యం ఉంది. త్సేచుల తేదీలు ఏటా మారతాయి, గాంగ్‌టే మఠం వాకిట్లో జరిగే కొంగల పండగ మాత్రం ప్రతి సంవత్సరం నవంబరు 11నే. బడి పిల్లలు రెక్కలు కట్టుకుని కొంగల్లా ఆడతారు. తేదీ ఖాయం కాబట్టి ఉత్తర బెంగాల్‌లోని బాగ్‌డోగ్రాకి విమానం టికెట్లు ముందే చూసుకోవచ్చు. అమెరికా వాళ్ళకి అదే నెలాఖరున థాంక్స్‌గివింగ్ సెలవులు కలిసొస్తాయి, పండగ దాటిపోయినా కొంగలు ఉంటాయి.

ఈ నవంబరులో మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి అమ్మతో. ఆమె టెన్షనంతా తిండి గురించే. అక్కడ పచ్చిమిరపకాయలే కూర, చీజ్‌లో ఉడికించి ఎర్ర బియ్యం అన్నంతో తింటారు, ఎమ దత్సి అంటారు అని చెప్పాను. "మిరపకాయలు కూరేంటే, బజ్జీ వేసుకోరా?" అంది. గోంగూర పచ్చడి సీసా అప్పుడే సంచిలో పడింది.