గోధుమ ప్రోటీన్ ప్యాడ్: పీల్చడం సరే, పట్టి ఉంచుతుందా?

విజయనగరం మందుల షాపులో కొన్న ప్యాకెట్ ఇది. ఎనిమిది నెలసరి ప్యాడ్లు, ఒక్కోటి 12 రూపాయలు పడింది. పీల్చే పొరలో గోధుమ ప్రోటీన్ వాడామని, పారేశాక కుళ్లిపోతుందని అట్ట మీద ఉంది. ముందు ప్రోటీన్ మాట తేల్చుకోవాలి. లోపలి పొర చిటికెడు తీసి, పట్టకారుతో పట్టుకుని మంటకి చూపిస్తే వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది. అంటే ప్రోటీన్ ఉంది. ఉత్త చెక్కగుజ్జయితే కాగితం కాలిన వాసనే వస్తుంది. ఇంకో ముక్క నీళ్లలో వేస్తే మామూలు ప్యాడ్లలోలా గాజుపూసల్లాంటి జెల్లీ కాలేదు. స్పాంజిలా ఉబ్బి, వేళ్ల మధ్య నలిపితే జిగటగా సాగింది.

ఇక పీల్చుడు. దీనికి ఉత్త నీళ్లు పనికిరావు, ఏ ప్యాడైనా గొప్పగా కనబడుతుంది. లీటరు నీళ్లకి 9 గ్రాముల ఉప్పు కలిపి, పది నిమిషాలకోసారి 10 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు పోశాం. మొదటి రెండూ చటుక్కున ఇంకిపోయాయి. మూడోది అంచుల దాకా పాకింది. దాని మీద కిలో ఉప్పు ప్యాకెట్ నిమిషం పాటు పెట్టి, కింద టిష్యూ కాగితం చూస్తే పక్కల తడి! తేడా ఎక్కడంటే, ఈ ప్రోటీన్ నురుగు సన్నని రంధ్రాల్లోకి తడిని లాక్కుంటుంది, అదిమితే వదిలేస్తుంది. మామూలు ప్యాడ్లలో ఉండే పీల్చే పొడి, సోడియం పాలీయాక్రిలేట్, తడిని జెల్లీగా బంధిస్తుంది కాబట్టి అంత తేలిగ్గా వదలదు. నెత్తురు ఉప్పునీళ్లకన్నా చిక్కన, కాబట్టి ఇంకడమూ ఇంకాస్త నెమ్మదే.

పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లలా గంటల తరబడి ఒకే చోట కూర్చునేవారికి, రాత్రి పడుకునేటప్పుడు, ఎక్కువయ్యే మొదటి రెండ్రోజులకి ఇది చాలదు. మూడో రోజు నుంచి, తిరుగుతూ పనిచేసుకునే పూట బాగుంది. పైపొర మెత్తగా ఉంది, ఒరుసుకోదు. జిగురు పర్వాలేదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చడం మాత్రం తప్పదు.

వానాకాలం జాగ్రత్త. మన తీరం గాలిలో తేమకి ప్రోటీన్ తొందరగా బూజు పడుతుంది. ప్యాకెట్ విప్పాక బాత్రూం గూట్లో పెట్టకుండా, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. ముక్కిన వాసన వస్తే వాడొద్దు.

కుళ్లిపోతుందన్న మాట సగమే నిజం. అడుగున ఉన్నది పాలిథిన్ పొర, వెలిగిస్తే మైనంలా కారింది. వాడినది పెంటకుప్పలో వేయకండి, కాల్చకండి. కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి, పంచాయతీ బండికి విడిగా ఇవ్వండి.